ఉగ్గుగిన్నె ముక్కు చేసిన పని

మా పిల్లకి ఆరు నెలలు నిండేసరికి ఇంట్లో మూడు ఉగ్గుగిన్నెలు తేలాయి. మా అమ్మ బారసాలకి పెట్టిన వెండిది ఒకటి. పక్కవాటావాళ్లు ఇచ్చిన స్టీలుది ఒకటి. మూడోది అత్తయ్యగారు గుడివాడ దగ్గర వాళ్ల ఊళ్లో బీరువా అడుగునుంచి తీసి, చింతపండుతో తోమి, పాత చీరముక్కలో చుట్టి తెచ్చారు. అదీ వెండిదే. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక పక్క సొట్ట, ముందు పిచ్చుక ముక్కంత ముక్కు. "మీ ఆయన దీంతోనే తాగాడు, ఆయన తండ్రీ దీంతోనే తాగాడు" అన్నారు. తర్వాత మేం పడ్డ తిప్పలన్నీ ఆ ముక్కు దగ్గరే మొదలయ్యాయి.

నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగిని. 2017లో చట్టం మార్చాక ప్రసూతి సెలవు 26 వారాలయింది. వినడానికి ఆర్నెల్లే. కానీ కాళ్లు వాచిపోయి కుర్చీలో కూర్చోలేక కాన్పుకి రెండు వారాల ముందే సెలవు పెట్టేశాను. పిల్ల పుట్టాక నాకు మిగిలింది 24 వారాలు, అంటే 168 రోజులు. డాక్టర్లేమో 180 రోజులదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దంటారు. ఆ పన్నెండు రోజులకీ నా సొంత సెలవులు ఖర్చు పెట్టుకున్నాను. అవి సరిపోయాయి కాబట్టి సరిపోయింది. నాతోపాటు కాన్పయిన కొలీగుకి సెలవుల్లేవు. వాళ్ల బాబుకి అయిదో నెలలోనే డబ్బాపాలు మొదలయ్యాయి.

మొదటి పేచీ అన్నప్రాసన దగ్గర వచ్చింది. ఆడపిల్లకి బేసి నెల, మగపిల్లాడికి సరి నెల అని మావైపు పట్టింపు. అయిదో నెలలో కానిచ్చేద్దామన్నారు అత్తయ్యగారు. "మనం తింటుంటే కంచంవంక చూసి గుటకలు మింగుతోందమ్మా, పాపం తగులుతుంది" అని ఆవిడ బాధ. గుటకలు మింగడం నిజమే. టీకాలకి వెళ్లినప్పుడు డాక్టరమ్మని అడిగితే, చూపొక్కటే చాలదన్నారు. మెడ నిలబడాలి, ఆసరా ఇస్తే కూర్చోవాలి, పెట్టినదాన్ని నాలుకతో బయటికి తోసెయ్యకూడదు. ఇంటికొచ్చి చెంచాతో నా పాలే నాలుగు చుక్కలు పెట్టి చూశాను. నాలుక చటుక్కున ముందుకొచ్చి మొత్తం గడ్డం మీదికి నెట్టేసింది. అత్తయ్యగారు చూశారు, ఏమీ అనలేదు.

చివరికి తేల్చింది మామయ్యగారు. ఆరు నెలలు నిండితే ఏడో నెల పడినట్టే, ఏడు బేసే కదా అని పంచాంగం తీశారు. డాక్టరు లెక్కా, శాస్త్రం లెక్కా ఒక్క తేదీ దగ్గర కలిసిపోయాయి. అదే మగపిల్లాడైతే ఇంత సులువుగా తేలేది కాదు. ఆరో నెలంటే అయిదు నిండగానే వచ్చేస్తుంది.

ఏప్రిల్ చివర్లో, ఎండలు మండుతుండగా చేశాం. పరమాన్నంలో ఉంగరం ముంచి పెదవికి తాకించారు. పళ్లెంలో పుస్తకం, కలం, బంగారం, డబ్బు, పువ్వులు, చిన్న కత్తి పెట్టి ముందుకి జరిపారు. మా చిన్ని వాటిలో ఏదీ ముట్టుకోలేదు. పళ్లెం అంచు రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. దానికి ఏ ఉద్యోగం వస్తుందో చెప్పగలిగినవాళ్లు మా బంధువుల్లో ఎవరూ లేకపోయారు.

ఉగ్గురవ్వ అత్తయ్యగారే చేశారు. ఆ చెయ్యి నాకు రాదు. పాత బియ్యం మూడు గ్లాసులు, పెసరపప్పు ఒక గ్లాసు, రెండు చెంచాల జీలకర్ర, చిటికెడు వాము. కడిగి, పల్చటి పంచె మీద నీడలో ఆరబోశారు. ఆరాక ఇనప మూకుడులో సన్నసెగ మీద, బియ్యం గోధుమరంగు తిరిగి పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా ఒక్కొక్కటీ విడివిడిగా వేయించారు. అన్నీ కలిపి వేయిస్తే జీలకర్ర మాడుతుందట, పప్పు పచ్చిగా ఉండిపోతుందట. చల్లారాక మిక్సీలో బరకగా పట్టి సీసాకెత్తారు. బియ్యం మూడు పాళ్లకి పప్పు ఒక పాలు ఎందుకని అడిగితే, "మా అత్త అలాగే వేసేది" అన్నారు. బియ్యం మాంసకృత్తుల్లో కొరవడే లైసిన్ అనే పోషకాన్ని పప్పు పూరిస్తుందని నేను తర్వాత చదివాను. ఆవిడ అత్తగారికి లైసిన్ సంగతి తెలిసే అవకాశం లేదు, పాళ్లు మాత్రం సరిగ్గానే తెలుసు.

ఆవిడ మూటలో వసకొమ్ము కూడా ఉంది. సానమీద అరగదీసి నాలిక్కి రాస్తే మాటలు తొందరగా వస్తాయని. డాక్టరమ్మ వద్దంటే వద్దన్నారు. మా ఆయనకి చిన్నప్పుడు బాగానే పోశారట. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ సాక్ష్యం చూపించే వసకొమ్మును మళ్లీ మూటలో పెట్టించాను. తేనె నాకించడం కూడా మాన్పించాల్సొచ్చింది. ఏడాదిలోపు పిల్లల పేగుల్లో తేనెలోని బీజాలు మొలకెత్తి బొటులిజం అనే జబ్బు రావచ్చు. అది కండరాలని చచ్చుబడేస్తుంది. అరుదే, కానీ ఆ చుక్క తేనె పెట్టకపోతే పిల్లకి పోయేదేమీ లేదు.

మొదటి వారమంతా రోజుకి రెండు చెంచాలే. మెత్తటి అన్నం గుజ్జు, పప్పుకట్టు, ఉడకబెట్టి మెదిపిన కారట్. కొత్తది ఏది పెట్టినా మూడు రోజులు అదొక్కటే పెట్టి, ఒంటిమీద దద్దుర్లేమైనా లేస్తున్నాయా అని చూసేదాన్ని. ఉప్పు లేదు, పంచదార లేదు. అన్నం గుజ్జు నోట్లో పెట్టినప్పుడల్లా కళ్లు చికిలించి, ఇదేమిటి నా నోట్లోకి వచ్చింది అన్నట్టు మొహం పెట్టేది. ఆ వారంలో దిగింది తక్కువ, గౌనుకి అంటింది ఎక్కువ.

మే మొదటివారంలో నేను ఉద్యోగంలో చేరిపోయాను. పగటి తిండి అత్తయ్యగారి చేతికి వెళ్లింది.

ఆవిడ పెట్టే పద్ధతి నేను సెలవురోజుల్లో కళ్లారా చూశాను. నేలమీద కాళ్లు బారజాపి కూర్చుంటారు. పిల్లని మోకాళ్లమీద పడుకోబెడతారు. ఉగ్గుగిన్నెలో రాగిజావ పోసి, ముక్కుని పెదవి మూల ఆనించి, బొటనవేలితో గిన్నె వంపు సర్దుతూ సన్నటి ధార వదులుతారు. పిల్ల గుటక వేసేదాకా ఆగుతారు, మళ్లీ వదులుతారు. చుక్క కింద పడదు. ఇంకో చేతిలో విసనకర్ర. చూడటానికి వీణ వాయిస్తున్నట్టుంటుంది. నేను చెంచాతో అరగంట కుస్తీపట్టి నాలుగు ముద్దలు పెట్టేచోట ఆవిడ పది నిమిషాల్లో గిన్నెలు గిన్నెలు దింపేసేవారు. మధ్యాహ్నం నేను కౌంటర్లో ఉండగా ఫోన్లో ఫొటో వచ్చేది, బోర్లించిన ఖాళీ గిన్నె. నాకెంత నిశ్చింతో చెప్పలేను. అత్తగారింట్లో పిల్లని వదిలి ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్లు చాలామందికి ఆ పాటి నిశ్చింత కూడా ఉండదు.

ఆ ముక్కులోంచి ధారగా దిగాలంటే జావ ఎంత పల్చగా ఉండాలో నాకు తట్టలేదు. ఆవిడకీ తట్టలేదు. రవ్వ ఉండ కడితే ముక్కుకి అడ్డం పడుతుంది. అందుకని ఇంకాసిన్ని నీళ్లు పోసి, ఒకోసారి వడకట్టి మరీ పోసేవారు. గొంతు పట్టకుండా జారిపోవాలని ప్రేమ కొద్దీ చేసిన పని అది.

మామిడిపళ్ల కాలం కదా, నూజివీడు చిన్నరసాలు ఇంటినిండా. రసం పిండి రెండు చెంచాలు పెడితే, అప్పటిదాకా మనవంక అనుమానంగా చూసిన పిల్ల నా చెయ్యి లాక్కుని వేళ్లు చీకింది. జూన్‌లో నాలుగు రోజులు విరోచనాలు పట్టుకున్నాయి. పొద్దున కాచిన జావ ఆ ఎండల్లో మధ్యాహ్నానికి పులిసింది, మేం చూసుకోలేదు. ఓఆర్ఎస్ తాగించాం, జింకు 20 మిల్లీగ్రాములు రోజుకోసారి పధ్నాలుగు రోజులు వేశాం, తగ్గిపోయింది. గిన్నె ముక్కు లోపల వేలు దూరదు, పీచు దూరదు. వేడినీళ్లలో మరిగించడం ఆరోజునుంచే మొదలుపెట్టాం. అయినా గిన్నెని పక్కన పెట్టాలని మాత్రం అనిపించలేదు.

తొమ్మిదో నెల నిండగానే తట్టు టీకాకి తీసుకెళ్లాం. తూకం వేశారు. ఏడు కిలోల వంద గ్రాములు. ఆరో నెల నిండినప్పుడు ఆరు కిలోల తొమ్మిదివందలు ఉంది. మూడు నెలలకి రెండొందల గ్రాములు. కార్డులో గీత అప్పటిదాకా మెట్లెక్కినట్టు ఎక్కి, అక్కడినుంచి చాప పరిచినట్టు పడుకుంది.

"ఏం పెడుతున్నారు?" అని డాక్టరమ్మ అడిగారు. అత్తయ్యగారు వేళ్లు మడుస్తూ చెప్పారు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం ఉగ్గు, సాయంత్రం పప్పుకట్టు, మధ్యలో పళ్లరసం. పూటకి గిన్నె మిగల్చకుండా తాగుతుందమ్మా అని కూడా అన్నారు, కాస్త గర్వంగానే. డాక్టరమ్మ "తాగుతుందా?" అన్నారు. మా సంచీలో మధ్యాహ్నం ఉగ్గు డబ్బాలో ఉంది. ఆవిడ అది తెరిపించి, చెంచాతో తీసి, మెల్లగా పక్కకి వంచారు. మొత్తం ఒక్క ఊపున జారిపోయి బల్లమీదున్న చీటీల పుస్తకం మీద పడింది.

"వంచినా చెంచానంటి ఉండాలమ్మా. జారిపోయిందంటే అది తిండి కాదు, నీళ్లే."

అత్తయ్యగారి మొహం నల్లబడిపోయింది. పైట చెంగుతో బల్ల తుడవబోయారు. డాక్టరమ్మ చెప్పిన మాటలో తప్పేమీ లేదు, గొంతులో కోపం కూడా లేదు. అయినా తొమ్మిది గంటల ఎండలో వంటింట్లో నుంచుని రోజుకి మూడుసార్లు కాచిన మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఆటోలో ఇంటిదాకా ఆవిడ మాట్లాడలేదు. నేనూ ఏం మాట్లాడాలో తెలియక పిల్ల జుట్టు సర్దుతూ కూర్చున్నాను. ఖాళీ గిన్నె ఫొటోలు చూసి మురిసిపోయింది నేనే కదా. చెంచా తిప్పి చూడాలని నాకూ తట్టలేదు.

ఆ రాత్రి కాగితం పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. లెక్క చూస్తేగాని నాకు ఏదీ బుర్రకెక్కదు. గిన్నెడు జావకి అత్తయ్యగారు వేసేది పెద్ద చెంచాడు రాగిపిండి, పది గ్రాములనుకుందాం. రాగులు వంద గ్రాములకి 320 కేలరీలు. అంటే గిన్నెకి 32. మూడు పూటలూ కలిపినా వందకి దాటదు. తల్లిపాలు తాగే పిల్లకి ఆరునుంచి ఎనిమిది నెలలదాకా పైతిండినుంచి రోజుకి సుమారు 200, తొమ్మిదో నెలనుంచి 300 కేలరీలు రావాలి. ఇక పొట్ట సంగతి. ఆ వయసులో కడుపులో పట్టేది కిలో బరువుకి 30 మిల్లీలీటర్లు. ఏడు కిలోల పిల్లకి 210. ఆ రెండొందల పైచిలుకు చోటునీ మేం పూటపూటా నీళ్లతో నింపుతున్నాం. సాయంత్రం నేను ఇంటికి రాగానే ఆత్రంగా పాలకి ఎగబడే పిల్ల, కొన్నాళ్లుగా రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంటోంది. పళ్లొస్తున్నాయేమో అనుకున్నాను. కడుపులో చోటు లేదు, అదీ సంగతి. ఇటు తిండీ అందలేదు, అటు పాలూ తగ్గాయి.

రక్తపరీక్ష కూడా రాశారు. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. పుట్టినప్పుడు తల్లినుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరో నెలకల్లా అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ, పల్చటి జావనుంచి ఒంటికి పట్టేదీ కొంచెమే. "ఇదివరకు ఈ పరీక్షలెక్కడివి, పిల్లలు పెరగలేదా" అన్నారు మామయ్యగారు. పెరిగారు, రక్తం లేకుండానే పెరిగారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలనుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 70 శాతం. అందరికీ ఉన్నది కాబట్టి మామూలే అనుకుంటాం, అంతే.

రాగుల్లో బోలెడు రక్తం ఉందని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఎర్రగా ఉంటాయి కాబట్టేమో. రాగుల గొప్పంతా సున్నంలో ఉంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో వంద గ్రాముల రాగులకి 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. ఇనుము మాత్రం నాలుగున్నర మిల్లీగ్రాములే, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెం. దానికి నిమ్మచుక్కో టమాటానో తోడైతే కాస్త నయం. డాక్టరమ్మ ఐరన్ చుక్కలు రాశారు. పాలతో కలపకుండా వెయ్యాలి. వేసిన మూడోరోజున మలం తారులా నల్లగా వస్తే అత్తయ్యగారు కంగారుపడి నాకు బ్యాంకుకి ఫోన్ చేశారు. చుక్కలు వేస్తే అలాగే వస్తుందని ముందే చెప్పి ఉండాల్సింది, మర్చిపోయాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంటింట్లో అత్తయ్యగారు ఉగ్గు ఉడికిస్తున్నారు. రెండు గుప్పిళ్ల రవ్వ, మామూలుగా పోసే నీళ్లలో సగం. దించి, నెయ్యి ఒక చెంచా వేసి కలిపి, చెంచాతో తీసి నా మొహం ముందు వంచారు. కదల్లేదు. "చాలా?" అన్నారు. కోపమూ కాదు, నవ్వూ కాదు. చాలత్తయ్యా అన్నాను. ఆ చెంచాడు నెయ్యే 45 కేలరీలు, జావ గిన్నెకన్నా ఎక్కువ. అది మాత్రం ఆవిడకి చెప్పలేదు.

పిల్లకి నచ్చాలిగా. మూడు నెలలుగా పడుకుని తాగడం అలవాటైన పిల్ల చిక్కటి ఉగ్గుని చూసి పెదవులు బిగించేసింది. పెట్టింది పెట్టినట్టు ఉమ్మేసింది. నాలుగురోజులు ఇంట్లో ఏడుపులే. ఆ నాలుగురోజుల్లో పాత గిన్నె తీసి పల్చగా పోసేద్దామని నాకే రెండుసార్లు అనిపించింది.

గట్టెక్కించింది మొలకల పిండి. ఇది కొత్త తల్లులకి చెప్పి తీరాలి. ధాన్యం మొలకెత్తినప్పుడు అందులో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని తెగ్గొట్టి, చిక్కటి జావని నీళ్లు పొయ్యకుండానే జారుగా చేస్తుంది. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, తెల్లటి మొలక రాగానే ఎండబెట్టి, నలిపి మొలకలు దులిపేసి పిండి పట్టించాను. వేయించలేదు. గట్టిగా వేయిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. గరిటె నిలబడేంత గట్టి ఉగ్గుని దించి, వేలు పెట్టలేనంత వేడి తగ్గాక, అరచెంచా ఈ పిండి కలిపాను. రెండుమూడు నిమిషాలు తిప్పుతుంటే ఉగ్గు కళ్లముందే మెత్తబడి, మెరుపు తేలి, మజ్జిగ కలిపిన పెరుగన్నంలా అయింది. చుక్క నీరు పొయ్యలేదు. రవ్వ అంతా అందులోనే ఉంది. పచ్చిపిండి కదా, మళ్లీ పొయ్యిమీద పెట్టి ఒక పొంగు రానిచ్చాను. రుచి కూడా కాస్త తియ్యదనం తిరిగింది. మా చిన్ని మూడు చెంచాలు తిని నాలుగోదానికి నోరు తెరిచింది. అత్తయ్యగారు గిన్నెలోకి వంగి చూసి, "మంత్రం వేసినట్టుందే" అన్నారు. పది రోజుల తర్వాత ఆ పిండి అవసరమే లేకపోయింది, చిక్కటిది అలవాటైపోయింది.

తర్వాతి పేచీ నీచు దగ్గర. ఏడాది నిండందే గుడ్డూ మాంసం ముట్టించకూడదని ఆవిడ, తొమ్మిదో నెల దాటింది రోజూ ఏదో ఒకటి పెట్టమని డాక్టరమ్మ. గుడ్డు గట్టిగా ఉడకబెట్టి, పచ్చసొన పప్పన్నంలో మెదిపి నేనే పెట్టాను. రెండు రోజుల తర్వాత తెల్లసొన. వారానికోసారి కోడి కార్జం, బొటనవేలంత ముక్క, ఉడికించి మెదిపి. ఇనుముకి అంతకన్నా చవకైన వస్తువు బజార్లో లేదు. ఎక్కువ పెట్టకూడదు, విటమిన్ ఎ మోతాదు మించుతుంది. కొరమీను ముక్క ముళ్లు ఏరి పెట్టింది మాత్రం మామయ్యగారు. ముళ్లు ఏరడంలో ఆయనకి సాటిలేరు. చేపని వేళ్లతో మూడుసార్లు తడిమి, కళ్లజోడు పెట్టుకుని నాలుగోసారి చూసేవారు. వేరుశనగపప్పు అంటే మా ఆయనకి భయం, అమెరికాలో ఉండే స్నేహితుడి కొడుక్కి పడదట. ఆలస్యం చేస్తే ఎలర్జీ వచ్చే అవకాశం తగ్గదని, తొందరగా మొదలుపెడితేనే తగ్గుతుందని 2015లో లండన్ డాక్టర్ల పరిశోధన తేల్చిందని డాక్టరమ్మ చెప్పారు. వేయించి, మెత్తటి పొడి కొట్టి, ఉగ్గులో చిటికెడు కలిపి పెట్టాం. ఏమీ కాలేదు. గింజలుగా మాత్రం నాలుగేళ్లదాకా పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడతాయి.

అడ్డం పడటమంటే గుర్తొచ్చింది. పదో నెలలో ఒక ఆదివారం పొద్దున ఇడ్లీ చిదిపి ముందు పెట్టాను, తనే తీసుకుని తింటుందని. మూడో ముక్కకి ఓక్‌మంటూ మొహమంతా ఎర్రబడి, కళ్లలో నీళ్లు, నాలుక బయటికి. మా ఆయన పేపరు విసిరేసి పిల్లని ఎత్తి తలకిందులు చెయ్యబోయాడు. నేనాపాను. నా చెయ్యీ వణుకుతోంది, కాని డాక్టరమ్మ చెప్పింది చెవిలో ఉంది. శబ్దం వస్తున్నంతసేపూ భయం లేదు. దగ్గు, ఓకరింత, ఏడుపు ఉన్నాయంటే గాలి ఆడుతున్నట్టే. చంటిపిల్లలకి ఓకరింత పుట్టే చోటు నాలుకమీద బాగా ముందుకి ఉంటుంది, అందుకే చిన్న ముక్కకే అలా చేస్తారు. చప్పుడు లేకుండా నోరు తెరిచి నీలం తిరిగితేనే అపాయం. అప్పుడు ముంజేతిమీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికుండేలా, రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు చరుపులు, ఆ తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య అయిదు నొక్కులు. నేను లెక్కపెడుతూ ఉండగానే ముక్క బయటపడింది. చిన్ని ఆ ముక్కని పరీక్షగా చూసి మళ్లీ నోట్లో పెట్టుకుంది. మా ఆయన ఆరోజంతా ఇడ్లీ తినలేదు.

ఫోను సంగతి కూడా చెప్పాలి, దాచడం ఎందుకు. చిక్కటి ఉగ్గు అలవాటు చేసే రోజుల్లో పాటలు పెట్టి, నోరు వెళ్లబెట్టినప్పుడల్లా చెంచా దూర్చిన మాట నిజం. గిన్నె అయిపోయేది. ఏం తిందో పిల్లకి తెలీదు, ఎప్పుడు కడుపు నిండిందో అంతకన్నా తెలీదు. రెండు వారాలకే ఫోను లేకపోతే నోరు తెరవని పరిస్థితి వచ్చింది. మాన్పించడానికి నెల పట్టింది. అత్తయ్యగారు సాయంత్రాలు డాబామీదికి తీసుకెళ్లి, పావురాళ్లకి గింజలు వేస్తూ, వాటికొకటి నీకొకటి అంటూ గోరుముద్దలు పెట్టడం మొదలుపెట్టారు. మొహం తిప్పేస్తే ఆపేసేవారు. ఆవిడకది పెద్ద కష్టం, గిన్నె మిగిలితే ఆవిడ మనసు ఒప్పుకోదు. మిగిలింది తనే తినేసి, "ఉప్పు లేని తిండి ఎలా తింటోందో తల్లి" అనేవారు.

పుట్టినరోజుకి ఎనిమిది కిలోల రెండొందలు. హిమోగ్లోబిన్ 11.1. గీత మళ్లీ మెట్లెక్కుతోంది. ఇప్పుడు పధ్నాలుగో నెల. పప్పన్నం, పెరుగన్నం, తోటకూర పప్పు, మెత్తటి ఉప్మా మాతోపాటే తింటుంది. బీరకాయ అంటే పడదు, ఉమ్మి గోడకి కొడుతుంది. మొన్న మామయ్యగారి కంచంలోంచి గోంగూర పచ్చడి వేలితో తీసి నాలిక్కి రాసుకుని, ఏడుస్తుందనుకుంటే ఇంకోసారి వేలు పెట్టింది.

ఉగ్గుగిన్నెలు మూడింట్లో స్టీలుది ఎవరికో ఇచ్చేశాం, మా అమ్మ ఇచ్చింది బీరువాలో ఉంది. సొట్టగిన్నె మాత్రం అత్తయ్యగారు దాచనివ్వలేదు. పొద్దున్నే నెయ్యి కరిగించి అందులో పోసి పొయ్యి గట్టుమీద పెడతారు. పిల్ల కంచంలో ముద్ద కలిపి, బొటనవేలితో వంపు సర్దుతూ, ఆ ముక్కులోంచి సన్నగా ధార వదులుతారు. మా ఆయన తన కంచం కూడా ముందుకి జరిపితే, "నీకు కొలెస్ట్రాలు" అని గిన్నె పక్కకి తిప్పేస్తారు.